ద్వీపాంతరము: పోర్టు బ్లెయిరు పట్టణ చరిత్ర

విశాఖపట్టణము రేవునుండి ఆగ్నేయముగా బంగాళాఖాతముమీద సుమారు 1200 కిలోమీటర్లు పయనించిన ఓడ పచ్చని కొండల నడుమ ఒదిగియున్న ఒక చిన్న అఖాతములోనికి ప్రవేశించును. ఎడమవైపున శిథిలములతో నిండిన రాస్ దీవి, కుడివైపున నార్త్ బే దీపస్తంభము, దానికి వెనుకగా మౌంట్ హారియట్ కొండ కానవచ్చును. ఇంకను లోనికి సాగగా కొండవాలులమీద మెట్లుమెట్లుగా పేర్చినట్లున్న ఇండ్లు, వానికి మీదుగా సెల్యులర్ జైలు నడిమి గోపురము, దిగువన హాడో రేవు. ఇదియే అండమాను నికోబారు దీవుల ముఖ్యపట్టణము. 2024 సెప్టెంబరు 13వ తేదిన భారత ప్రభుత్వము దీనికి శ్రీ విజయపురమని నూతన నామకరణము చేసెను. అంతకుముందు నూటయరువది సంవత్సరములకు పైగా దీనిపేరు పోర్టు బ్లెయిరు. చెప్పవలసిన కథ చాలవరకు ఆ పేరు నాటిదే కాబట్టి ఈ వ్యాసమునందు ఆ పేరే వాడబడినది.

తెలుగున ద్వీపాంతరవాసము అను మాట యొకటి కలదు. అది న్యాయస్థానపు తీర్పులలోనుండి పల్లెలకు దిగి, మరలిరాని ప్రయాణమునకు మారుపేరైనది. ఉత్తరాదివారు దానినే కాలాపానీ యనిరి. సముద్రము దాటినవాడు కులభ్రష్టుడగునన్న నమ్మకము ఆ శిక్షకు పదును పెట్టెను. పాలకులకు ఆ సంగతి తెలియును; తెలిసియే దానిని వాడుకొనిరి. మనుష్యుని ఊరినుండి, కులమునుండి, భాషనుండి త్రుంచివేయుటకై ఈ స్థలము నిర్మింపబడినది. అట్లు త్రుంచివేయబడినవారు ఒకచోట చేరి తమలో తాము ఎట్టి సంఘమును కట్టుకొనిరన్నదే ఈ పట్టణపు అసలు చరిత్ర. జైలుగోడల కథ లోకమునకు తెలిసినంతగా ఆ కథ తెలియదు.

1788 జనవరిలో ఆర్థర్ ఫిలిప్ అను నావికాధికారి పదునొకండు ఓడలతో ఇంగ్లండు ఖైదీలను కొనిపోయి ఆస్ట్రేలియా తీరమున నేటి సిడ్నీ నగరమున్నచోట దింపెను. సరిగా ఆ కాలముననే ఈస్టిండియా కంపెనీ కొలువులోని ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అండమాను తీరములను కొలుచుచుండెను. 1789లో అతడు ఈ అఖాతములోని చాథమ్ దీవిమీద ఒక వలస నెలకొల్పి, నౌకాధిపతి విలియం కారన్‌వాలిస్ పేరున పోర్టు కారన్‌వాలిస్ అని దానిని పిలిచెను. ఆ విలియం మన గవర్నరు జనరల్ కారన్‌వాలిస్‌కు సోదరుడు. ఓడలకు ఆశ్రయమును, సముద్రపు దొంగల నుండి రక్షణయు నాటి ఉద్దేశములు. స్థలము మంచిదే, అయినను యుద్ధనౌకలకు మరింత అనువుగా నుండునని 1792లో వలసను ఉత్తర అండమానునకు, పేరుతో సహా, తరలించిరి. అచ్చట జ్వరములు మనుష్యులను ఊచకోత కోసినవి. 1796లో వలస ఎత్తివేయబడెను. అచ్చటనున్న 270 మంది ఖైదీలు పినాంగునకు పంపబడిరి. బ్లెయిర్ ఎన్నుకొనిన మొదటి రేవు ‘పాత రేవు’ అను పేరుతో అరువదేండ్లకు పైగా నిర్మానుష్యముగా, అనగా తెల్లవారు లేనిదిగా, మిగిలెను. అడవిలోని మనుష్యులు అంతకు వేలాది సంవత్సరములకు పూర్వమునుండియు అచ్చటనే యుండిరి.

1857 నాటి తిరుగుబాటు అణగిన పిమ్మట శిక్షపడిన సిపాయిలను, వారితోడి జనమును ఎచ్చట నుంచవలెనన్న సమస్య ఏర్పడెను. డాక్టరు ఫ్రెడరిక్ మూఅట్ అధ్యక్షతన ఒక సంఘము దీవులను పరీక్షించి పాత రేవే తగినదని నిర్ణయించి, దానికి బ్లెయిర్ పేరు పెట్టవలెనని సూచించెను. 1858 జనవరిలో కెప్టెన్ మాన్ అచ్చట జెండా నెత్తెను. మార్చి 10వ తేదిన డాక్టరు జేమ్స్ పాటిసన్ వాకర్ రెండువందల ఖైదీలతో సెమిరామిస్ అను ఓడలో వచ్చి దిగెను. చాథమ్ దీవిలో మంచినీరు చాలదని త్వరలోనే రాస్ దీవికి మకాము మార్చిరి.

ఆ మొదటి నెలలు ఘోరమైనవి. నడుము లోతు బురదలో నిలిచి అడవి నరకవలెను. జలగలు, జ్వరము, కాళ్ళకు సంకెళ్ళు. ఈ అడవిలోనుండి బర్మాకు కాలిదారి యున్నదని ఖైదీలలో ఒక వదంతి పుట్టెను. దానిని నమ్మి నూటికి పైగా జనము పారిపోయిరి. కొందరు ఆదివాసుల బాణములకు కూలిరి, కొందరు ఆకలికి తాళలేక తిరిగివచ్చిరి. అట్లు పట్టుబడినవారిలో ఎనుబదిమందికి పైగా వాకర్ ఉరితీయించెను. అతని పైవారికే ఇది మితిమీరినదిగా తోచి, ఆ పద్ధతి మానుమని ఆజ్ఞాపింపవలసివచ్చెను.

పారిపోయినవారిలో దూధ్‌నాథ్ తివారీ యను సిపాయి యుండెను. ఆదివాసులు అతనిని గాయపరచియు చంపక విడిచి, తమలో చేర్చుకొనిరి. ఇరువురు స్త్రీలనిచ్చి పెండ్లి చేసిరి. ఏడాదికి పైగా అతడు వారితో వనములలో తిరిగెను. 1859 మే నెలలో వారు వందలాదిగా కూడి ఖైదీల వలసమీద పడుటకు సిద్ధమగుచుండగా, అతడు ముందుగా పరుగెత్తివచ్చి అధికారులకు ఆ వార్త అందించెను. తమ వేటభూములు నరకబడుటను సహింపలేని ఆ జనులు విల్లమ్ములతో ఓడమీది ఫిరంగుల నెదిరించి ఓడిపోయిరి. దానికి అబర్డీన్ యుద్ధమని పేరు. దూధ్‌నాథునకు క్షమాభిక్ష లభించి స్వదేశమునకు పోయెను. విడిచిపోయిన భార్యలలో ఒకతె అప్పటికి గర్భవతి. అతడు చేసినది తోడి ఖైదీల ప్రాణరక్షణమా, అన్నముపెట్టినవారికి ద్రోహమా యన్న ప్రశ్నకు రెండు వైపులను జవాబు కలదు. పట్టణములో నేడు ఆ యుద్ధమునకు ఒక స్మారకస్తంభము కలదు. అది ఓడిపోయినవారి స్మారకము.

ఓటమికంటె స్నేహము వారికి ఎక్కువ కీడు చేసెను. 1863లో రాస్ దీవిమీద ఆదివాసులను మచ్చిక చేసికొనుటకై ‘అండమాన్ హోమ్’ అను గృహము వెలసెను. తిండి, బట్ట, పొగాకు, సారాయములతోపాటు వలసలోని రోగములును వారికి సంక్రమించెను. 1876లో సుఖవ్యాధి బయల్పడెను. 1877లో తట్టు వ్యాధి దీవి దీవికి పాకెను. 1858 నాటికి వేలలో నున్న గ్రేట్ అండమానీయులు 1901 జనాభా లెక్కలలో 625 మంది. 1961లో 19 మంది. అక-బో భాషను మాటలాడగల చివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరిలో మరణించెను. సిడ్నీ చుట్టుపట్ల నేల కోల్పోయిన ఆస్ట్రేలియా ఆదివాసుల గతియు ఇట్టిదే. ఖైదీలచేత కట్టబడిన పట్టణములు రెంటికిని ఈ ఋణము సమానమే.

ఇక వలస సంగతి. ఇది వట్టి చెరసాల కాదు, ఖైదీలతో నడచు ఊరు. వడ్రంగి, కమ్మరి, మంగలి, చాకలి, గుమాస్తా, ఖైదీలమీది మేస్త్రీ, అందరును ఖైదీలే. పదియేండ్ల వరకు సర్కారు చాకిరి చేసి మంచినడత చూపినవానికి ఒక చీటి దొరకును. అటుపిమ్మట వాడు సర్కారు తిండిమీద ఆధారపడక, ఇచ్చిన భూమిని దున్నుకొని, పశువులను పెంచుకొని బ్రతుకవచ్చును. స్వదేశమునుండి భార్యాబిడ్డలను రప్పించుకొనవచ్చును, లేదా ఖైదీ స్త్రీని పెండ్లాడవచ్చును. పెండ్లికి అర్హుడైన ఖైదీ సౌత్ పాయింటులోని ఆడవారి జైలుకు పోయి, వరుసగా నిలువబడిన స్త్రీలలో ఒకతెను కోరుకొనవలెను, ఆమె యొప్పుకొనవలెను, దొర ఆమోదింపవలెను. పురోహితుడు, ముహూర్తము, గోత్రము అను ప్రసక్తి తక్కువ. అట్లు పెండ్లియైన జంటలు కాపురములు పెట్టిన చోటికే షాదీపూర్ అను పేరు వచ్చెనని ప్రతీతి. 1901 నాటికి వలస జనాభా సుమారు 16 వేలు. అందులో ఖైదీలే పండ్రెండు వేలకు దగ్గర.

ఈ కాపురముల నుండి పుట్టిన సంతతికి ‘లోకల్‌బార్న్’ అని పేరు. తండ్రి పంజాబీ, తల్లి తమిళ స్త్రీ. లేదా తండ్రి బీహారీ, తల్లి బర్మాది. ఇంటిలో ఎవరి భాష నిలువవలెను? ఏ ఒక్కటియు నిలువలేదు. అందరికి ఉమ్మడిగా హిందుస్తానీ నిలిచెను. కులము ఒకటి రెండు తరములలో కరిగిపోయెను. హిందువునకు ముస్లిము బంధువగుట, ఒక యింటి పండుగకు అన్ని యిండ్లవారు కూర్చుండి తినుట అచ్చట వింతకాదు. స్వదేశమున సంస్కర్తలు గొంతు చించుకొని చెప్పినను సగము నెరవేరని పని, ఇచ్చట ఎవ్వరును ఉపన్యసింపకయే జరిగిపోయెను. అది మహాశయముచేత జరిగినది కాదు, గత్యంతరము లేక జరిగినది. ఆ కారణముచేతనే గట్టిగా నిలిచెను.

ఈ కలయిక ఊళ్ళ పేర్లలోను కానవచ్చును. దొర పేరునకు హిందుస్తానీ తోక తగిలించి వింబర్లీగంజ్, ఫెరార్‌గంజ్, కాడెల్‌గంజ్, హంఫ్రీగంజ్, ప్రొథెరోపూర్, టూసొనాబాద్, హెర్బర్టాబాద్ అనిరి. పట్టణపు నడిబజారు అబర్డీన్, రేవు హాడో: రెండును స్కాట్లండు పేర్లు. 1921 నాటి మలబారు తిరుగుబాటు తరువాత పంపబడిన మాపిళ్ళలు తమ పల్లెలకు కాలికట్, తిరూర్, మన్నార్‌ఘాట్ అని పేరు పెట్టుకొనిరి. అడవి పనికి ఛోటానాగపూరునుండి వచ్చిన ఓరావులు, ముండాలు, ఖాడియాలు ముగ్గురును ఇచ్చట ఒకే పేరున ‘రాంచీవాలా’లైరి. భారత దేశమంతయు ఒక చిన్న సంచిలో వేసి కుదిపినట్లున్నది.

పట్టణపు కీర్తికి, అపకీర్తికి కారణమైన సెల్యులర్ జైలు ఈ వ్యవస్థకు మొదటిది కాదు, చివరిది. అంతకుముందు వైపర్ దీవిలో సంకెళ్ళ జైలును, ఉరికొయ్యయు నుండెను. 1872 ఫిబ్రవరి 8వ తేదిన వైస్రాయి మేయో ప్రభువు మౌంట్ హారియట్‌మీద సూర్యాస్తమయము చూచి హోప్‌టౌన్ రేవునకు దిగివచ్చుచుండగా చీకటిలో కత్తితో పొడిచి చంపిన షేర్ అలీ అఫ్రీదీ, నెల దాటిన పిమ్మట ఉరితీయబడినది వైపర్ దీవిలోనే. పదవిలో నుండగా హత్యగావింపబడిన వైస్రాయి మేయో ఒక్కడే. 1896లో ఆరంభించి 1906 నాటికి ముగించిన సెల్యులర్ జైలునకు నడుమ గోపురము, చుట్టును చక్రపు ఆకులవలె ఏడు బారులు, వానిలో ఏడువందలకు దగ్గరగా గదులు. ఒక బారు ముందుభాగమునకు ఎదురుగా మరియొక బారు వెనుకగోడ వచ్చునట్లు కట్టుటచేత ఏ ఖైదీయు మరియొకని ముఖము చూడలేడు. కలయికవలన ఊరు పుట్టినదని గ్రహించిన ప్రభుత్వము, ఈసారి కలయికకే తావులేని కట్టడము కట్టినదని చెప్పవచ్చును. ఎద్దునకు బదులు మనిషిని గానుగకు కట్టి దినమునకు ముప్పది పౌనుల కొబ్బరినూనె తీయించుట అచ్చటి నిత్యకృత్యము. సావర్కరు సోదరులు, బారీంద్ర ఘోష్, గదర్ పక్షమువారు, పిమ్మట చిట్టగాంగు విప్లవకారులు ఇందు మ్రగ్గిరి. 1933 నాటి నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్ర అను ముగ్గురు ప్రాణములు విడిచిరి. 1937లో మరల దీక్ష జరిగిన మీదటనే రాజకీయ ఖైదీలను స్వదేశమునకు త్రిప్పిపంపిరి.

తెలుగు నేలకు ఈ జైలుతోను, దానికి ముందున్న వలసతోను సంబంధము తక్కువది కాదు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖానుతో కలిసి హైదరాబాదు రెసిడెన్సీమీద దాడి నడపిన మౌల్వీ అల్లావుద్దీన్ ద్వీపాంతరశిక్ష పొంది అండమానులోనే కన్నుమూసెను. అల్లూరి సీతారామరాజు అనుచరులలో ముఖ్యుడైన గాము మల్లుదొరకు విధించిన మరణశిక్ష ద్వీపాంతరవాసముగా మార్చబడగా అతడు ఇచ్చటికి పంపబడెను. మన్యపు కొండలలో పుట్టినవాడు సముద్రమధ్యమున యౌవనము గడపి, తిరిగివచ్చి, 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యెను. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారియు ఈ జైలు చూచినవాడే.

1941 జూన్ 26న వచ్చిన గొప్ప భూకంపము రాస్ దీవిని పగులగొట్టెను. నాట్యశాల, టెన్నిసు మైదానము, రొట్టెల బట్టీ, చర్చి కలిగి తూర్పుదేశపు పారిసు అనిపించుకొన్న దొరల దీవి అది. అది పాడువడిన తొమ్మిది నెలలకు, 1942 మార్చి 23న, జపాను సేనలు దిగినవి. మూడున్నర సంవత్సరముల ఆ కాలము పట్టణపు జ్ఞాపకములో జైలుకంటె లోతుగా దిగియున్నది. ఏలనన జైలులో పడినవారు పైనుండి వచ్చినవారు, జపాను చేతిలో నలిగినవారు ఊరివారు.

మొదటి వారములలోనే, ఇండ్లలో చొరబడిన సైనికులను బెదరించుటకై గాలితుపాకి ప్రేల్చిన జుల్ఫికర్ అలీ యను యువకుని ఊరి జనమందరియెదుట హింసించి కాల్చిచంపిరి. తరువాత గూఢచారులన్న నెపముమీద వందలాదిమందిని సెల్యులర్ జైలులో నింపిరి. గదులు అవే, కావలివారు మారిరి. భారత స్వాతంత్ర్య సమితికి పెద్దయై, జనము పక్షమున మాటలాడిన వైద్యుడు, పంజాబీ కవి దివాన్ సింగును నెలల తరబడి చిత్రహింసలు పెట్టగా ఆయన 1944 జనవరిలో జైలులోనే మరణించెను. ఆ నెల 30వ తేదిన హంఫ్రీగంజ్ వద్ద 44 మందిని కాల్చి గోతిలో పూడ్చిరి. దీనికి సరిగా నెల ముందు, 1943 డిసెంబరు 30న, సుభాష్ చంద్ర బోసు ఇచ్చట జిమ్‌ఖానా మైదానములో త్రివర్ణపతాకము నెత్తి, దీవులకు షహీద్, స్వరాజ్ అని నామకరణము చేసెను. దేశమంతయు గర్వించు ఘట్టమది. ఆయన వచ్చిననాడు దివాన్ సింగు జైలు గదిలో ప్రాణములతోనే యుండెను. జపానువారి కావలి నడుమ నాయకునికి ఆ సంగతి చేరలేదు. ఊరిలోని పాతకుటుంబములు ఈ రెండు విషయములను ఒకదానివెంట నొకటి చెప్పుకొనును, దేనిని విడువవు.

యుద్ధపు చివరి నెలలలో ఓడలు రాక బియ్యము కరవయ్యెను. పనికిరానివారు, అనగా ముసలివారు, రోగులు, పనిలేనివారు వందలాదిగా, 1945 ఆగస్టులో, కొత్త దీవిలో సేద్యమునకని ఓడలెక్కింపబడి హావ్‌లాక్ దీవి సమీపమున సముద్రములోనికి త్రోయబడిరి. బ్రతికి బయటపడినవారిని వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. ఆ అక్టోబరులో బ్రిటిషువారు మరలివచ్చి, ఖైదీల వలసను శాశ్వతముగా రద్దుచేసి, ఇష్టమున్నవారు స్వదేశమునకు పోవచ్చునని ప్రకటించిరి. చాలమంది పోయిరి. పోవుటకు ఊరు లేనివారు, ఊరున్నను మొగము చూపలేనివారు, పుట్టినదే ఇచ్చటనైనవారు నిలిచిరి.

స్వాతంత్ర్యానంతరము వచ్చినవారు శిక్షపడి రాలేదు, బ్రతుకుతెరువునకై వచ్చిరి. 1949 నుండి తూర్పు బెంగాలు కాందిశీకులకు పట్టణము చుట్టును భూములిచ్చిరి. 1956లో ఈ దీవులు కేంద్రపాలిత ప్రాంతమైనవి. కార్యాలయములు పెరిగెను, కచేరి ఉద్యోగులు, ఉపాధ్యాయులు, నావికులు బదిలీలమీద వచ్చుచు పోవుచునుండిరి. శ్రీకాకుళము, విశాఖ తీరములనుండి మత్స్యకారులును, కట్టడపు పనివారును ఓడలెక్కిరి. సముద్రము దాటుట మహాపాతకమన్న మాట వారెన్నడును వినలేదు. వారి నిత్యజీవితమే సముద్రము. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురము ప్రాంతములలో అండమానుకు పోయిన బంధువు లేని ఇల్లు తక్కువ. ఒకడు పోయి గుడిసె వేసికొన్నచో మరుసటి యేట తమ్ముడు, బావమరిది, ఆ పిమ్మట ఊరిలోని సగము వీధి. పట్టణములోని జంగ్లీఘాట్ చేపలరేవు అట్లు తెలుగు మాటలతో నిండినది. 2011 జనాభా లెక్కలలో దీవులయందు నూటికి పదముగ్గురు మాతృభాష తెలుగని వ్రాయించిరి. బెంగాలీ, హిందీ, తమిళముల తరువాతి స్థానము మనది. తెలుగు మాధ్యమముగా నేర్పు సర్కారు పాఠశాలలును వెలసినవి.

ఇట్లు వచ్చినవారికిని, లోకల్‌బార్న్ కుటుంబములకును నడుమ తగవు లేదనుట సత్యము కాదు. భూమి, ఉద్యోగము, నీరు కొద్ది, వచ్చువారు మెండు. ఖైదీ సంతతి నేడు తమ పట్టణమున తామే అల్పసంఖ్యాకులు. ఒకనాడు భాష, కులము విడుచుట తప్ప గత్యంతరము లేదు కాబట్టి విడిచిరి. తరువాత వచ్చినవారికి ఆ అగత్యము లేదు. వారి వెంట వారి సంఘములు, వారి దేవతలు, వారి పెండ్లిసంబంధములు వచ్చినవి. భాషకొక సంఘము చొప్పున వెలసిన పట్టణములో ఏ భాషా సంఘమును లేనివాడు లోకల్‌బార్న్ ఒక్కడే. అయినను బజారులో తెలుగువాడు బెంగాలీతో, బెంగాలీ తమిళునితో బేరమాడునది ఆ ఖైదీలు మిగిల్చిపోయిన హిందుస్తానీలోనే.

జైలునకు సైతము కష్టకాలము వచ్చెను. కొన్ని బారులు కూలి, 1963లో ఆ ఆవరణలోనే గోవింద వల్లభ పంతు ఆసుపత్రి వెలసెను. మిగిలినదియు పోవునేమోనని పూర్వపు రాజకీయ ఖైదీలు ఆందోళన చేయగా, నిలిచియున్న మూడు బారులను 1979 ఫిబ్రవరి 11న ప్రధాని మొరార్జీ దేశాయి జాతీయ స్మారకముగా అంకితము చేసెను. చాథమ్ దీవిలో 1883లో నెలకొల్పిన సర్కారు రంపపు మిల్లు మాత్రము ఒకటిన్నర శతాబ్దమునకు చేరువగుచున్నది; ఎర్రని పడౌక్ దుంగలు అందులో కోయబడి పట్టణపు పాత ఇండ్లకు తలుపులు, దూలములైనవి.

ఈ పట్టణపు దినచర్యలో కొత్తగా వచ్చిన ఉద్యోగికి మొట్టమొదట వింతగొలుపునది సూర్యుడు. దీవులు తూర్పున దూరముగా నున్నను గడియారము దేశమంతటికి ఒక్కటే. శీతకాలమున సాయంత్రము అయిదు దాటగానే చీకటి. తెల్లవారుజామున అయిదు గంటలకే వెలుగు. ఏడాదికి మూడువేల మిల్లీమీటర్లకు పైగా వానకురియు చోట వేసవిలో మంచినీటికి కరవు. కొండవాలులమీద నీరు నిలువదు, ధనిఖారి ఆనకట్టమీదనే ఆశ. స్వదేశమును ఇచ్చటివారు ‘మెయిన్‌ల్యాండు’ అందురు. ఉత్తరమైనను, వార్తాపత్రికయైనను, ఉల్లిగడ్డయైనను చాలకాలము ఓడతోనే వచ్చెడిది. సర్కారువారు ప్రకటించు స్థానిక దినపత్రిక పేరు ‘ది డైలీ టెలిగ్రామ్స్’. తంతివార్తయే లోకముతో సంబంధమైన కాలమును ఆ పేరు నేటికిని చెప్పుచున్నది. 2020 ఆగస్టులో చెన్నైనుండి సముద్రగర్భమున సుమారు 2300 కిలోమీటర్ల తంతి పరచినపిమ్మటగాని ఆ దూరము తగ్గలేదు.

2004 డిసెంబరు 26 నాటి భూకంపములో పట్టణమున్న నేలయే సుమారు ఒక మీటరు క్రుంగెను. ఉప్పెన వచ్చి పోవును. క్రుంగిన నేల పైకి రాలేదు. పట్టణపు శివారున సిప్పీఘాట్ వద్ద వరి పండిన పొలములలో సముద్రపు నీరు నిలిచిపోయెను. ఒకనాడు ఖైదీలు అడవి నరికి, కాందిశీకులు గట్లు వేసి సేద్యము చేసిన నేలలలో కొంత అట్లు మునిగెను.

పేర్ల మార్పు 2018లోనే మొదలయ్యెను. రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీపమైనది, నీల్ షహీద్ ద్వీపమైనది, హావ్‌లాక్ స్వరాజ్ ద్వీపమైనది. 1891 నాటి యుద్ధమున ఓడి ప్రవాసమునకు పంపబడిన మణిపురపు మహారాజు కులచంద్రుని, ఆయన అనుచరులను స్మరించి 2021లో మౌంట్ హారియట్‌కు మౌంట్ మణిపూర్ అని పేరిడిరి. చోళుల నౌకాబలమును తలచుచు పెట్టబడిన శ్రీ విజయపురము వానిలో కడపటిది. అబర్డీన్ బజారు, షాదీపూర్, హాడో పేర్లు ఊరి నోటిలో పాతవిగనే నడచుచున్నవి.

జంగ్లీఘాట్‌లో తెల్లవారకముందే మరపడవలు తిరిగివచ్చును. తెలుగున వంజరమనబడు చేప ఒడ్డున దిగగానే సుర్మయీ యగును. వల, చుక్కాని మాత్రము తెలుగుననే నిలిచినవి. అరువదేండ్లక్రితము ఓడదిగిన మొదటి తరమువారు ‘మా ఊరు’ అన్నచో శ్రీకాకుళపు తీరములోని పల్లె. వారి మనుమలు అదే మాట అన్నచో జంగ్లీఘాట్.